కంచె దాటేదేది, దాటనిదేది: న్యూజెర్సీలో ఒక ఆలయ అనుమతి కేసు

ఈ కేసు న్యూజెర్సీ రాష్ట్రంలోని ఒక చిన్న టౌన్‌షిప్‌ది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఊరి పేరు, సంవత్సరం వదిలేశాం. స్థలం కొలతలు, హియరింగుల క్రమం కాస్త మార్చాం. నిర్ణయాలు, వాటి వెనక ఉన్న ఆలోచన మాత్రం జరిగినట్టే ఉన్నాయి. గుడి, మసీదు, చర్చి ఏది కట్టాలన్నా గొడవ మొదలవగానే రెండు వైపులా వినపడే మాట ఆస్తి హక్కు. ఆ మాట ఏ గదిలో పనిచేస్తుందో, ఏ గదిలో ఎదురు తిరుగుతుందో ఈ కేసు బాగా చూపిస్తుంది.

నేపథ్యం

గుడి కట్టాలనుకున్న ట్రస్టులో ఎక్కువమంది తెలుగువాళ్లు. కొన్ని తమిళ, గుజరాతీ కుటుంబాలు కూడా ఉన్నాయి. చాలా ఏళ్లుగా ఒక గోదాము అద్దెకు తీసుకుని అందులోనే నిత్యపూజ, వారాంతపు అభిషేకాలు చేసుకుంటున్నారు. చందాలు పోగుచేసి 7.2 ఎకరాల పాత వ్యవసాయ భూమి కొన్నారు. మూడు వైపులా ఇళ్లు, నాలుగో వైపు రెండు వరుసల కౌంటీ రోడ్డు. మురుగు లైను లేదు, సెప్టిక్ ఒక్కటే దారి. చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ బోరు నీళ్లే ఆధారం.

ఆ జోన్‌లో ప్రార్థనా మందిరం 'కండిషనల్ యూజ్'. అంటే ఆర్డినెన్సులో (టౌన్‌షిప్ చేసిన స్థానిక చట్టంలో) రాసిన షరతులన్నీ తీరిస్తే అనుమతి ఇవ్వాలి, ఏ ఒక్కటి తప్పినా వేరియన్స్, అంటే సడలింపు, అడగాలి. షరతులు నాలుగు: కనీసం 6 ఎకరాలు, అన్ని వైపులా 100 అడుగుల ఖాళీ, కట్టడం, తారు, కాంక్రీటు కలిపి స్థలంలో 25 శాతం మించకూడదు, ఎత్తు 35 అడుగులు. ట్రస్టు ప్లాన్‌లో 2,400 చదరపు అడుగుల ప్రధాన మండపం, వంటశాల, భోజనశాల, 51 అడుగుల రాజగోపురం ఉన్నాయి.

ట్రస్టు పెద్దలకు నమూనాగా తోచింది 2010లో న్యూయార్క్‌లో నడిచిన పార్క్51 వివాదం. వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్థలానికి రెండు వీధుల అవతల, పాత బర్లింగ్టన్ కోట్ ఫ్యాక్టరీ దుకాణం ఉన్న చోట ఇస్లామిక్ సాంస్కృతిక కేంద్రం కడతామన్నప్పుడు దేశమంతా రగిలింది. స్థానిక కమ్యూనిటీ బోర్డు 29–1 ఓట్లతో మద్దతు తెలిపింది. ఆగస్టు 3న ల్యాండ్‌మార్క్స్ కమిషన్ ఆ పాత భవనానికి వారసత్వ రక్షణ అక్కర్లేదని 9–0తో తేల్చింది. స్థలం ప్రైవేటుదని, ప్రార్థన ఎక్కడ చేసుకోవాలో ప్రభుత్వం చెప్పకూడదని మేయర్ బ్లూమ్‌బర్గ్ ఆ రోజే గవర్నర్స్ ఐలాండ్‌లో మాట్లాడారు. స్వేచ్ఛావాదులకు (ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువుండాలనేవాళ్లకు) పెద్దదిక్కు లాంటి కాంగ్రెస్ సభ్యుడు రాన్ పాల్ తన సొంత పార్టీలో చాలామందికి ఎదురు నిలిచి, ఇది ఆస్తి హక్కు విషయమని అదే నెలలో ప్రకటన ఇచ్చారు.

"వాళ్లకి చెల్లింది మనకెందుకు చెల్లదండీ? మన భూమి, మన డబ్బు" అని మొదటి సమావేశంలోనే ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తేడా ఎక్కడుందంటే, పార్క్51 స్థలంలో జోనింగ్ ప్రకారం ఆ కట్టడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మిగిలిన అడ్డంకి వారసత్వ భవనమా కాదా అన్నదొక్కటే. కాబట్టి అక్కడ సూత్రం చెబితే సరిపోయింది. మన ట్రస్టు కొన్నది షరతులున్న జోన్. ఇక్కడ హక్కు పుట్టేది షరతులు తీరాక. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. పార్క్51 వాదనలో నెగ్గింది కానీ అనుకున్న కేంద్రం అనుకున్న రూపంలో రాలేదు, ఆ చోట చివరికి లేచింది అపార్ట్‌మెంట్ల టవర్.

సమస్య మా దగ్గరికి వచ్చేసరికి

ట్రస్టుకు కొత్త సలహాదారులుగా మేం చేరేనాటికే ఒక అర్జీ నడుస్తోంది. రెండు హియరింగులు అయిపోయాయి. ఊళ్లో గుడి వద్దంటూ పసుపు రంగు బోర్డులు వెలిశాయి. వ్యతిరేక సంఘం పెట్టుకున్న న్యాయవాది సాక్షుల్ని క్రాస్ చేస్తున్నాడు. పైకి వినిపించే అభ్యంతరాలు ట్రాఫిక్, నీళ్లు, శబ్దం. ఫేస్‌బుక్‌లో వినిపించేవి వేరు. రెండూ నిజమే, రెండూ ఒకరివే కావు. ట్రాఫిక్ గురించి అడిగే ప్రతివాడినీ ద్వేషి అనుకోవడం ఈ కేసులో ట్రస్టు చేసిన మొదటి పొరపాటు. దక్షిణం వైపు ఇంటాయనకు నిజంగానే ప్రతి వానకీ బేస్‌మెంట్‌లోకి నీళ్లు వస్తున్నాయి. ఆయన బాధ గుడి రాకముందుదే.

విఫలమైనవి

మొదటిది అర్జీ వేసిన చోటు. పాత సలహాదారు నేరుగా జోనింగ్ బోర్డుకు వెళ్లి రెండు వేరియన్సులు అడిగాడు: గోపురం ఎత్తుకొకటి, తారు-కాంక్రీటు శాతానికొకటి. న్యూజెర్సీ చట్టంలో ఇవి 'డి' తరగతి వేరియన్సులు. ఏడుగురి బోర్డులో ఐదుగురు అవునంటేనే గెలుపు. ఒక సభ్యుడు స్థలానికి 200 అడుగుల లోపలే ఉండడంతో తప్పుకున్నాడు. మరొకరు మొదటి హియరింగుకు రాలేదు, రికార్డింగు విని సంతకం పెట్టేదాకా ఓటు లేదు. ఇంత ఎత్తైన గోడ ఎక్కాల్సిన అవసరం ఉందా అని ఎవరూ ముందుగా అడగలేదు.

ఆ శాతం ఎలా మించిందో చూస్తే పార్కింగు కథ అర్థమవుతుంది. ఆర్డినెన్సు ప్రకారం మూడు సీట్లకొక కారు. గుడిలో సీట్లు ఉండవు కాబట్టి బిల్డింగ్ కోడ్ నుంచి మనిషికింత చోటని తీసుకోవాలి. నిలబడే జనానికి మనిషికి 5 చదరపు అడుగులు, కుర్చీలు మాత్రం వేస్తే 7, బల్లలు-కుర్చీలు వేస్తే 15. అవతలి న్యాయవాది 5 పట్టుకున్నాడు: 2,400ను 5తో భాగిస్తే 480 మంది, 160 కార్లు. ఒక్కో కారుకు దారితో కలిపి 325 చదరపు అడుగులు వేసుకుంటే 52,000. కట్టడం 14,000, రోడ్లు, ప్రదక్షిణ మార్గం 15,000 కలిపితే 81,000. 7.2 ఎకరాలంటే 3,13,632 చదరపు అడుగులు, అందులో 25 శాతం 78,408. అంటే పార్కింగు పెంచమన్న కోరికే షరతును దాటించింది. పార్కింగు చాలదని ఒక హియరింగులో, తారు ఎక్కువైందని తర్వాతి హియరింగులో అదే నోటితో అనొచ్చు. పాత సలహాదారు మొదటి కోరికకు మర్యాదగా తలొగ్గి రెండో ఉచ్చులో పడ్డాడు.

రెండోది ఉత్తరం. ట్రస్టు తరఫున ఎవరో బోర్డుకు రాజ్యాంగం మొదటి సవరణను, భూవినియోగ నిబంధనల నుంచి మతసంస్థలను కాపాడేందుకు 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఆర్‌లూపా చట్టాన్ని ఉదహరిస్తూ, అనుమతి ఇవ్వకపోతే ఫెడరల్ కోర్టుకెళ్తామని రాశారు. ఆర్‌లూపా బలమైన చట్టమే. మతసంస్థపై తగిన కారణం లేకుండా పెనుభారం మోపకూడదు, లౌకిక సభాస్థలాల కంటే తక్కువగా చూడకూడదు, ఒక మతానికీ ఇంకో మతానికీ తేడా పెట్టకూడదు. కానీ బోర్డు ఇంకా తుది నిర్ణయమే తీసుకోలేదు, భారం ఏదో తేలనే లేదు. ఉత్తరం మరుసటి వారం పత్రికలో వచ్చింది. అప్పటిదాకా తటస్థంగా ఉన్న ఇద్దరు సభ్యుల ముఖాలు బిగుసుకున్నాయి.

మూడోది హియరింగులో సూత్రం చెప్పడం. ట్రస్టుకు మద్దతుగా ఒక స్థానిక స్వేచ్ఛావాది వచ్చాడు. జోనింగ్ అనేదే దౌర్జన్యమని, తన భూమిలో మనిషి ఏం కట్టుకున్నా ప్రభుత్వానికి సంబంధం లేదని పది నిమిషాలు మాట్లాడాడు. చిత్తశుద్ధి ఉన్న మనిషి, మాట కూడా బాగుంది. కానీ బోర్డు సగం కోర్టు లాంటిది. సాక్ష్యం ప్రమాణం మీద ఉండాలి, నిర్ణయం ఆర్డినెన్సు షరతుల మీద ఉండాలి. జోనింగ్ తప్పన్న వాదన ఒప్పుకునే అధికారం ఆ బోర్డుకు లేదు. అవతలి న్యాయవాది లేచి ఒక్కటే అడిగాడు: "పక్కవాళ్ల ఆస్తికి కూడా హక్కుందా?" ఉందన్నాడు. "మరి వాళ్ల బావిలోకి వచ్చే నీళ్ల సంగతి?" జవాబు లేదు.

అసలు ఆ జవాబు స్వేచ్ఛావాదంలోనే ఉంది. నా హక్కు నా కంచె దాకా, దాటింది పక్కవాడికి నష్టం చేస్తే నేను బాధ్యుణ్ణి. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి మొదట చెప్పేదీ ఇదే: చూరు నీళ్లు పక్కవాడి దొడ్లో పడకూడదు. దీన్నే కేసుకంతటికీ ఇరుసుగా పెట్టుకుందామని అక్కడ నిర్ణయించాం.

మధ్యలో వచ్చిన ముప్పు

అర్జీ వెనక్కి తీసుకుని కొత్తది సిద్ధం చేస్తుండగా టౌన్‌షిప్ కమిటీ అజెండాలో ఒక అంశం కనపడింది. ఆ 7.2 ఎకరాలను పార్కు కోసం, అవసరమైతే బలవంతపు సేకరణ ద్వారా, తీసుకోవడానికి ఆర్డినెన్సు. పార్క్51 సమయంలో కూడా న్యూయార్క్ గవర్నర్ పదవికి పోటీచేసిన కార్ల్ పలాడినో ఇలాంటి సేకరణ ఆయుధాన్నే చూపించాడు. ఇది చిన్న విషయం కాదు. జోనింగ్ తిరస్కరణకు ఆర్‌లూపా వర్తించినంత సూటిగా భూసేకరణకు వర్తించదు, దాన్ని జోనింగ్ అమలుకు సాధనంగా వాడారని చూపగలిగితే తప్ప. 2002లో కాలిఫోర్నియాలోని సైప్రెస్ నగరం ఒక చర్చి కొనుక్కున్న సుమారు 18 ఎకరాలను కాస్ట్‌కో దుకాణం కోసం తీసుకోబోతే ఫెడరల్ కోర్టు ఆపింది. ఆ తీర్పు ఉంది కదా అని ఒక ట్రస్టు ప్రాణాలు దానికి వేలాడదీయలేం.

ఎంచుకోవడానికి రెండు దారులున్నాయి. వెంటనే ఫెడరల్ దావా వేయడం. లేదా కమిటీలోనే ఆపడం. దావా వేస్తే ఊరు రెండుగా చీలి, తర్వాత అనుమతి బోర్డు ముందు మళ్లీ నిలబడాల్సి వస్తుంది. పైగా కమిటీ చట్టాలు చేసే వేదిక. అక్కడ ప్రమాణాలు, క్రాస్ ప్రశ్నలు ఉండవు, సూత్రం, ప్రజల మాట, ఓటు ఉంటాయి. బోర్డులో విఫలమైన వాదన సరిగ్గా ఇక్కడికి పనికొస్తుంది.

కాబట్టి ఆర్డినెన్సు రెండో పఠనానికి, అంటే ప్రజలు మాట్లాడి కమిటీ ఓటేసే హియరింగుకు, ముందున్న రోజుల్లో ట్రస్టు వాళ్లను ఒక్క పని చేయమన్నాం: గుడి గురించి మాట్లాడొద్దు, సేకరణ గురించే మాట్లాడండి. చుట్టుపక్కల పొలాలున్న ప్రతి రైతు ఇంటికీ వెళ్లి, ఈ అధికారం ఇవాళ గుడి స్థలం మీద వాడితే రేపు ఎవరి స్థలం మీదైనా వాడొచ్చని చెప్పండి. 2005 నాటి కీలో తీర్పు ఇక్కడ గుర్తుచేయాలి. కనెక్టికట్‌లోని న్యూ లండన్‌లో సుసెట్ కీలో ఇంటిని అభివృద్ధి పేరుతో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 5–4తో ఒప్పుకుంది. ఆ తర్వాత ఆ స్థలం ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది. ఆ ఊళ్లో గోపురం వద్దనే రైతులకు కూడా కీలో పేరు తెలుసు.

హియరింగు రాత్రి మాట్లాడిన వాళ్లలో చాలామంది గుడికి మద్దతుదారులు కారు. ఒకాయన ఆ గోపురం తనకు నచ్చలేదని చెప్పి, అయినా పక్కవాడు నచ్చలేదని భూమి లాక్కునే ఊళ్లో తాను ఉండనన్నాడు. పది నిమిషాలు మాట్లాడిన ఆ స్వేచ్ఛావాదే ఈసారి రెండు నిమిషాల్లో ముగించాడు: ఈ సేకరణకయ్యే ఖర్చు, దావా వస్తే అయ్యే ఖర్చు ఎవరి పన్నులోంచి వస్తాయి? కమిటీ ఆర్డినెన్సును ఓటుకు పెట్టకుండానే వెనక్కి తీసుకుంది. ఈ కేసులో ఆస్తి హక్కు సూత్రం పూర్తిగా, ఒంటరిగా గెలిచిన చోటు ఇదొక్కటే.

పనిచేసినవి

కొత్త అర్జీని రెండుగా విడగొట్టాం. మొదట జోనింగ్ బోర్డుకు వేరియన్సు కాకుండా వ్యాఖ్యానం, అంటే ఆర్డినెన్సు మాటలకు అర్థమేమిటో తేల్చమని, అడుగుతూ వెళ్లాం. ఆర్డినెన్సులో ఎత్తు పరిమితి నుంచి చర్చి శిఖరాలకు, గంట గోపురాలకు, మనుషులు ఉండని అలంకార నిర్మాణాలకు ఒకటిన్నర రెట్ల దాకా మినహాయింపు ఉంది. 35కు ఒకటిన్నర రెట్లు 52.5. మన గోపురం 51. పై అంతస్తుల్లోకి మెట్లు లేవు, కాపలా గది లేదు, లోపల బోలు. అది చర్చి శిఖరం చేసే పనే చేస్తుందని, ఒక మతం శిఖరాన్ని మినహాయించి ఇంకో మతం శిఖరాన్ని కొలిస్తే ఆర్‌లూపాలోని వివక్ష నిషేధానికి విరుద్ధమని వాదన. ఇక్కడ చట్టాన్ని బెదిరింపుగా కాక, ఆర్డినెన్సును ఎలా చదవాలో చెప్పే కొలబద్దగా వాడాం. వ్యాఖ్యానానికి మామూలు మెజారిటీ చాలు. వచ్చింది. దాంతో ఎత్తు వేరియన్సు అవసరమే పోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. శిల్పి మొదట ఇచ్చిన డ్రాయింగులో 51 అడుగులు గోపురం మట్టానికి, కలశాలు దానిపైన. కలశాలతో కలిపి కొలిస్తే 54 అయ్యేది. ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికో శిల్పితో, ఇంజనీరుతో ఒకే గదిలో కూర్చుని ఖరారు చేయకుండా ఏ అంకెనూ కాగితం మీద పెట్టకూడదు. అధిష్ఠానం కింద మట్టి పోసి నేల లేపితే సగటు నేలమట్టం లెక్క కూడా మారిపోతుంది.

పార్కింగు దగ్గర 7ను నిలబెట్టాం. 160 కాదు, 342 మందికి 114 కార్లు. 114 చోట్లకు 37,050 చదరపు అడుగులు, మొత్తం 66,050, అంటే 21 శాతం చిల్లర. షరతు తీరింది, రెండో వేరియన్సూ పోయింది. ఈ అంకె నిలబడడానికి బలమైన ఆధారం అదే ఊరి పాత ఫైళ్లు. గత ముప్పై ఏళ్లలో ఆ టౌన్‌షిప్ అనుమతించిన ప్రతి చర్చి ఫైలూ తీయించాం. ఏ చర్చికీ భోజనశాలను ప్రార్థనాలయంతో కలిపి లెక్కగట్టలేదు, ఎవరికీ 5 వర్తింపజేయలేదు. ఇదే రాష్ట్రంలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్ కేసు బోర్డు న్యాయవాదికి బాగా తెలుసు. అక్కడ చర్చిలకు మూడు సీట్లకొకటి చొప్పున లెక్కగట్టి, 150 మంది పట్టే మసీదుకు మాత్రం 50 బదులు 107 చోట్లు కావాలన్నారు. 39 హియరింగులు నడిచాయి. ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది. 2017లో 32.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ పేరు మేం ఎత్తలేదు. పాత ఫైళ్ల పట్టిక మాత్రం ఎగ్జిబిట్‌గా పెట్టాం. చాలింది.

రెండు వేరియన్సులూ పోవడంతో ఐదు ఓట్ల గోడ తప్పి, ప్లానింగ్ బోర్డు ముందు మామూలు మెజారిటీ సరిపోయింది. 200 అడుగుల లోపలి ఇళ్లకు పది రోజుల ముందు నోటీసులు పంపడం మళ్లీ మొదటి నుంచి చేశాం. నోటీసులో లోపముంటే అనుమతి మొత్తం ఎగిరిపోవచ్చు. టెన్నెసీలోని మర్‌ఫ్రీస్‌బరో మసీదుకు 2012లో రాష్ట్ర కోర్టులో ఎదురుదెబ్బ తగిలింది నోటీసు చాలలేదన్న కారణం మీదే.

ఇక షరతులు. అసలు పని ఇక్కడే. వ్యతిరేకులు అడిగిన షరతుల జాబితా తీసుకుని ప్రతిదాన్నీ ఒకే ప్రశ్నతో జల్లెడ పట్టాం: ఇది కంచె దాటేదా, కంచె లోపలిదా? దాటేదైతే కొలత పెట్టి ఒప్పుకోవాలి, వీలైతే అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వాలి. లోపలిదైతే ఎంత చిన్నదైనా ఒప్పుకోకూడదు.

వాన నీళ్లు దాటేవి. రాష్ట్ర నిబంధన ప్రకారం 2, 10, 100 ఏళ్ల వానలకు కట్టడం తర్వాత పారే గరిష్ఠ వేగం ముందున్నదానిలో 50, 75, 80 శాతానికి మించకూడదు. వాన నీటిని పట్టి నిలిపే బేసిన్‌ను దక్షిణం వైపుకు జరిపి, ఆ బేస్‌మెంటు ఇంటాయన గట్టు దగ్గర పాత పొలం నీరు కూడా అందులోకే పడేలా డిజైను చేశాం. గుడి వల్ల ఆయన ఇంటికి నీళ్లు తగ్గుతాయి, పెరగవు. ఈ మాట ఇంజనీరు ప్రమాణం చేసి చెప్పిన రోజు ఆయన తన పసుపు బోర్డు తీసేశాడు.

శబ్దం దాటేది. రాష్ట్ర పరిమితి ఇళ్ల సరిహద్దు దగ్గర పగలు 65 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా 50. బయట స్పీకర్లే పెట్టబోమని ట్రస్టు తనంతట తానే రాసిచ్చింది. సుప్రభాతం లోపలే. వెలుగు దాటేది: 15 అడుగుల స్తంభాలు, కిందికే పడే దీపాలు, రాత్రి పదికి ఆరిపోయే టైమరు. కారు హెడ్‌లైట్ల కోసం తూర్పున 6 అడుగుల మట్టికట్ట, దానిపై ఖాళీలు కనపడకుండా మార్చి మార్చి నాటిన రెండు వరుసల స్ప్రూస్ చెట్లు.

వంటే చిక్కుముడి. వ్యతిరేకులు నెలకు రెండు అన్నదానాలకు మించకూడదన్నారు. సెప్టిక్ రోజుకు 2,000 గ్యాలన్లు దాటితే రాష్ట్ర పర్యావరణ శాఖ అనుమతి కావాలి, అది దాటకూడదన్నదే వాళ్ల న్యాయమైన భయం. ట్రస్టులో కొందరు ఒప్పేసుకుందామన్నారు, నెలకు రెండే కదా అని. వద్దన్నాం. అన్నదానం పూజలో భాగం, దాన్ని లెక్కపెట్టే హక్కు టౌన్‌షిప్‌కు ఇస్తే రేపు హారతులు లెక్కపెడతారు. కంచె దాటేది నీళ్లు, అన్నం కాదు. కాబట్టి షరతును ఇలా మార్చాం: వంటశాల, మరుగుదొడ్ల లైన్ల మీద మీటరు, రోజుకు 2,000 గ్యాలన్ల లోపు, మూడు నెలలకోసారి రీడింగు హెల్త్ శాఖకు. ఎన్నిసార్లు వండుకుంటారో ట్రస్టు ఇష్టం. పెద్ద పండుగలకు బయట వండించి తెప్పించుకుంటారో, ఆకులు వాడి గిన్నెలు తగ్గిస్తారో వాళ్లే చూసుకుంటారు.

ఇదే జల్లెడలో తిరస్కరించినవి: సభ్యుల సంఖ్యపై పరిమితి, పెళ్లిళ్లు నిషేధం, బయటి ఊళ్ల భక్తులు రాకూడదన్న షరతు. బోర్డు ప్లానరు కూడా ఈ గీతను ఇష్టపడ్డాడు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1992 సికా తీర్పులో చెప్పిన, ప్రజా ప్రయోజనాన్నీ నష్టాన్నీ తూచే తూకంలో, నష్టాన్ని షరతులతో ఎంత తగ్గించొచ్చో చూడాలన్న మెట్టు ఉంది. 1994లో రీడింగ్టన్‌లోని కాళీబారి ఆలయం కేసులో అప్పీలు కోర్టు ఈ తూకాన్నే వాడి బోర్డు తిరస్కరణను పక్కనపెట్టింది.

ఓటుకు ముందు రోజుల్లో

మూడో హియరింగులో అవతలి న్యాయవాది ఒక కాగితం తీశాడు. కొన్నేళ్ల క్రితం పక్క ఊళ్లో మసీదు కట్టొద్దంటూ నడిచిన ఆన్‌లైన్ పిటిషను. అందులో ట్రస్టు సభ్యులు ఇద్దరి పేర్లున్నాయి. మా న్యాయవాది సంబంధం లేని సాక్ష్యమని అభ్యంతరం చెప్పాడు, ఛైర్మన్ ఒప్పుకున్నాడు, కాగితం రికార్డులోకి రాలేదు. చట్టం వరకు అక్కడితో అయిపోయింది. గదిలో మాత్రం అవ్వలేదు. సేకరణ రాత్రి మనకోసం లేచి నిలబడ్డ రైతులు ట్రస్టు వైపు చూస్తున్నారు.

మౌనంగా ఉండొచ్చు, వ్యక్తిగత అభిప్రాయమని తప్పుకోవచ్చు, లేదా తప్పైందని చెప్పొచ్చు. న్యాయవాది మొదటిదే మంచిదన్నాడు, దావా దృష్టితో అది సరైన సలహా. మా సలహా మూడోది. ఆస్తి హక్కు అందరిదీ అని చెప్పి గెలిచిన ట్రస్టు, అది తనకొక్కదానికే అన్నట్టు కనపడితే ఆ గెలుపు వెనక్కి పోతుంది. ఇది వ్యూహం కంటే ముందు న్యాయం. ఆ ఇద్దరిలో పెద్దాయన చాలాసేపు ఆలోచించి, హియరింగు బయట, ఊరి లైబ్రరీలో పెట్టిన సమావేశంలో నేరుగా చెప్పారు: "అప్పుడు వాళ్ల ట్రాఫిక్ గురించి నేనూ ఇవే మాటలు రాశాను. చదవకుండా సంతకం పెట్టానని చెప్పను. తప్పు చేశాను." ట్రస్టు ఆ తర్వాత ఒక తీర్మానం చేసింది: ఏ మతం మందిరం విషయంలోనైనా కంచె దాటే నష్టం తప్ప ఇంకే కారణంతోనూ వ్యతిరేకించం. ఆ మసీదు కమిటీ నుంచి వాళ్ల శుక్రవారం పార్కింగు ప్రణాళిక అడిగితే, షటిల్ ఒప్పందం, వాలంటీర్ల పటం సహా మొత్తం ఇచ్చారు. మా పండుగల ప్రణాళికలో సగం అందులోంచి వచ్చిందే.

ఓటు ఆరుకు రెండు. తీర్మానం ప్రచురించాక దావాకు ఉండే 45 రోజుల గడువులో ఎవరూ కోర్టుకు వెళ్లలేదు.

నేర్చుకున్నవి, ఇంకా సరిచేస్తున్నవి

స్థలం కొనేముందు ఆర్డినెన్సు చదివించండి. ఒప్పందంలో అనుమతి వస్తేనే కొనుగోలు పూర్తవుతుందన్న నిబంధన పెట్టించండి. ఈ ట్రస్టు పెట్టించలేదు, అందుకే ప్రతి నెలా వాయిదా కడుతూ పోరాడాల్సి వచ్చింది. బోర్డు ఇంజనీరు, ప్లానరు ఫీజులు కూడా అర్జీదారు ముందే జమచేసే ఎస్క్రో ఖాతా నుంచే పోతాయని ముందే లెక్కలో వేసుకోండి.

షరతుల్లో ఒకటి మేం సరిగా రాయలేకపోయాం. 114 కార్లు దాటే రోజుల్లో ఒకటిన్నర మైళ్ల దూరంలోని ఆఫీసు పార్కింగు నుంచి షటిల్ నడపాలి, ఏడు రోజుల ముందు పోలీసులకు చెప్పాలి అని ఉంది. ట్రస్టు ఆ రోజుల జాబితాను పంచాంగం చూసి తయారుచేసింది: వైకుంఠ ఏకాదశి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, కార్తీక పౌర్ణమి. గుడి తెరిచాక వచ్చిన మొదటి జనవరి 1న షటిల్ లేదు. పంచాంగంలో ఆ రోజుకు ప్రత్యేకత లేదు, మనవాళ్లకు ఉంది. కౌంటీ రోడ్డు పక్కన అర మైలు కార్లు నిలిచాయి, ఒక ఇంటి ముందు అంబులెన్సు తిరగడానికి ఇబ్బందైంది. ఇప్పుడు జాబితాను పంచాంగంతో కాక గేటు దగ్గర లెక్కతో నడుపుతున్నారు. వాలంటీరు చేతిలో క్లిక్కర్ ఉంటుంది. 90వ కారు లోపలికి రాగానే షటిల్ డ్రైవరుకు ఫోను వెళ్తుంది, 110 దగ్గర గేటు మూసి కార్లను ఆఫీసు వైపు తిప్పుతారు. పోలీసులకు ఇచ్చే జాబితాలో జనవరి 1, ప్రతి మూడు రోజుల వారాంతం చేర్చారు. షరతు మాటలను కూడా అలాగే సవరించమని బోర్డుకు అర్జీ వేశారు, అది వచ్చే నెల అజెండాలో ఉంది.